సిస్టరమ్మ ఆపమన్న నీళ్ళు

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా అత్తగారిని పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. తెలుగువాళ్ళకు ఆవిడ సిస్టరమ్మ, హిందీవాళ్ళకు సిస్టర్‌జీ. ఊరి బయట ఉన్న మిషన్ ఆసుపత్రిలో పిల్లల వార్డు చూసి చూసి రిటైరైన మనిషి. పేరుకే రిటైరవడం. ఆ వార్డు కాస్తా మా క్వార్టరు వరండాలోకి వచ్చి కూర్చుంది. పొద్దున్నే నేను సిగ్డీలో బొగ్గులు రాజేసి, పొగకు కళ్ళు నులుముకుంటూ తలెత్తేసరికి చంకన పిల్లలతో ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు మెట్ల మీద ఉండేవారు. ఇంటి కోడలికి కాఫీ నీళ్ళు కాచి ఇచ్చే దిక్కు లేదు గానీ ఊళ్ళోవాళ్ళ వైద్యానికి మాత్రం తలుపులు బార్లా తెరిచే ఉంటాయని గొణుక్కునేదాన్ని. ఆవిడకు వినబడేటట్టే గొణిగేదాన్ని, అది వేరే సంగతి.

ఇది ఎనభైల మొదట్లో మాట. మాది నరసాపురం దగ్గర. ఆవిడది బాపట్ల వైపు. పెళ్ళికి ముందే ఎవరో చుట్టాల వెంట రాయ్‌పూర్ వచ్చి, ఇక్కడే నర్సింగు నేర్చుకుని, ఇక్కడే రైల్వేలో పనిచేస్తున్న మా మామగారిని చేసుకుని, ఇక్కడే ఆయన్ని మట్టిలో పెట్టుకున్నారు. ఆవిడ తెలుగులో సగం హిందీ ఉండేది. మాట మాత్రం కట్టె విరిచినట్టు ఉండేది. నాకేమో మాటకంటే ముందు వెటకారం వస్తుంది, గోదావరి నీళ్ళ మహిమ. ఒక వంటింట్లో మా ఇద్దర్నీ పెట్టాక ఇక వేరే కాలక్షేపం దేనికి? మా ఆయన గూడ్సు గార్డు. ఇంట్లో గొడవ ముదిరేసరికి ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా సంచిలో పెట్టుకుని లైను మీదికి వెళ్ళిపోయేవారు. అదృష్టవంతులు.

అయితే జలుబూ దగ్గుల విషయంలో ఆవిడకు తిరుగులేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. చలికాలం వచ్చిందంటే మా కాలనీలో ముక్కు కారని పిల్ల ఉండేది కాదు. ఒక ఇంట్లో మొదలైందంటే క్వార్టర్ల వరసంతా చుట్టబెట్టి మళ్ళీ మొదటింటికే వచ్చేది. తల్లులు గాభరాపడి సూది మందు వేయమని వచ్చేవారు. ఆవిడ వేసేవారు కాదు. ఇది వైరస్సు, దీనికి మందు లేదు, ముక్కు తుడవండి, గోరువెచ్చటి నీళ్ళు పట్టండి, పొగ దగ్గర పడుకోబెట్టకండి అని పంపించేవారు. పంపించే ముందు మాత్రం పిల్ల చొక్కా పైకెత్తి, చేతి గడియారం చూసుకుంటూ, పొట్ట ఎగిరిపడటం లెక్కపెట్టేవారు. ఊపిరి మరీ వేగంగా ఉన్నా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా ఇక ఒక్క నిమిషం ఆగనిచ్చేవారు కాదు. తల్లి చీర మార్చుకొస్తానన్నా వినకుండా రిక్షా ఎక్కించేసేవారు. అలా గండం గడిచిన పిల్లలు కాలనీలో మా కళ్ళ ముందే గోళీలాడుకునేవారు. అందుకే ఆవిడ మాటంటే అందరికీ అంత గురి.

వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే మాత్రం ఆవిడ వైద్యం ఒక్కటే. అన్నీ బంద్. పాలు బంద్, గంజి బంద్, తల్లి రొమ్ము బంద్, ఆఖరికి మంచినీళ్ళు కూడా బంద్. పేగులు అలిసిపోయాయి, వాటికి ఛుట్టీ ఇవ్వాలి అనేవారు. ఇది ఆవిడ సొంతంగా కల్పించింది కాదు. ఆవిడ నర్సింగు నేర్చుకున్న రోజుల్లో పెద్ద పెద్ద డాక్టర్లే అలా నేర్పారు. లంఖణం పరమౌషధం అని మన ముసలమ్మలు ఎలాగూ చెప్పనే చెబుతారు. చదువూ సామెతా ఒక్క మాటే అంటుంటే అడ్డం చెప్పేదెవరు? పోసిన నీళ్ళే కదా బయటికొస్తున్నాయి, పోయకపోతే ఏమొస్తుంది అని ఆవిడ అడిగితే నాకూ నిజమే అనిపించేది. చాలామంది పిల్లలు జబ్బు దానంతటదే తగ్గి లేచి తిరిగేవారు. లేవనివాళ్ళను ఆసుపత్రికి పట్టుకెళ్ళి సెలైను ఎక్కించేవారు. అప్పటికీ లేవనివాళ్ళ సంగతి దేవుడి చిత్తం అనుకునేవాళ్ళం.

మా అమ్మాయి పుట్టాక వచ్చిన మొదటి క్రిస్మస్ అది. ఇంకా ఏడాది నిండలేదు. కింద రెండు పళ్ళు వచ్చాయి, వాటితో దేన్నైనా పట్టిందంటే వదిలేది కాదు. పండగ ముందు మా చర్చిలోని తెలుగు సంఘం వాళ్ళంతా ఇంటింటికీ తిరిగి పాటలు పాడటం మామూలే. మా ఇంటికీ వచ్చారు. పాడినవాళ్ళలో సగం మందికి దగ్గు, తక్కిన సగం మందికి రొంప. ముక్కు తుడుచుకున్న చేత్తోనే పిల్ల బుగ్గలు పుణికారు, ఒడిలోంచి ఒడిలోకి మార్చుకుని ముద్దులు పెట్టారు. వద్దనాలని నాలుక చివరిదాకా వచ్చింది. పండగపూట ఇంటికొచ్చి దీవించేవాళ్ళను పిల్లని ముట్టుకోకండి అంటే ఇంకేమైనా ఉందా? చేగోడీలూ కేకూ పెట్టి, నవ్వుతూ సాగనంపాను.

పండగ వెళ్ళిన మర్నాడు పిల్లకు ముక్కు కారింది, ఒళ్ళు వెచ్చబడింది. అత్తగారు చొక్కా ఎత్తి ఊపిరి చూసి, ఫికర్ చేయకు, ఇది మామూలు రొంపే అన్నారు. నేనూ నిమ్మళించాను. ఆ పైన వాంతులు పట్టుకున్నాయి. తాగిన పాలు తాగినట్టే నా భుజం మీద కక్కేసేది. సాయంత్రానికి విరేచనాలు మొదలయ్యాయి, నీళ్ళకు నీళ్ళే. అత్తగారు వేడినీళ్ళలో గుడ్డలు ఉడికించి ఆరేశారు. పాలగిన్నె కడిగి గూట్లో బోర్లించారు. ఉగ్గుగిన్నె కూడా తీసి పైన పెట్టేశారు. ఇక మీదట నీ దగ్గర కూడా పాలు పట్టకు అని నాకు చెప్పారు.

ఆ రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు, తెల్లారింది అంతే. తెల్లారాక అసలు కష్టం మొదలైంది. పాలు చేపుకొచ్చి నా జాకెట్టు తడిసిపోతోంది. పిల్ల ఆ వాసన పసిగట్టి నా మీదికి తల తిప్పేది, నోరు తెరిచేది. నేను మొహం పక్కకు తిప్పుకోవాలి. రొమ్ము నిండా పాలు పెట్టుకుని ఆకలితో ఉన్న పిల్లని పక్కకు నెట్టడం కన్నతల్లి చేయాల్సిన పనేనా? నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. లేచి వెళ్ళి గ్లాసులో నీళ్ళు పోసుకొచ్చాను. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా కాదు, వార్డులో నర్సు పట్టుకున్నట్టు.

"గ్లాసు అక్కడ పెట్టు అమ్మాయ్. ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని చూశానో నీకేం తెలుసు?"

ఆ పూట నాకు వెటకారం రాలేదు. బతిమాలాను. ఒక్క గుక్క, కనీసం నాలుక తడిపినంత అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆవిడది కఠిన హృదయం అనుకుంటే పొరపాటే. రాత్రంతా పిల్లని భుజాన వేసుకుని వరండాలో నడిచింది ఆవిడే. మనవరాలి మీద నాకున్న ప్రేమ కన్నా ఆవిడకున్నది తక్కువేం కాదు. ఆ ప్రేమతోనే నీళ్ళు ఆపారు. నా బాధంతా అదే. రాక్షసి అయితే గ్లాసు లాక్కుని నా పని నేను చేసుకునేదాన్ని.

జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ వేశాం. మధ్యాహ్నం కావొస్తుండగా పిల్ల తల అటూ ఇటూ కదిపితే ఆ గుడ్డ జారి నోటి మీదికి వచ్చింది. అంతే, ఆ రెండు పళ్ళతో గుడ్డ అంచు పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. చప్పుడు వినబడుతోంది. అత్తగారు గుడ్డ లాగబోయారు. పిల్ల వదల్లేదు. ఆవిడ ఇంకాస్త లాగారు. పిల్ల ఏడ్చింది. ఏడుపైతే వచ్చింది గానీ కంట్లోంచి చుక్క రాలేదు.

అత్తగారు వంగి పిల్ల కళ్ళలోకి చూశారు. నడినెత్తిన మాడు మీద వేలు ఆనించారు, అది లోపలికి పోయి గుంటలా ఉంది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత మడతలాగే నిలబడింది. నాకు వాటి అర్థం తెలీదు, ఆవిడ మొహం చూసి తెలుసుకున్నాను. చీర మార్చుకో, ఆసుపత్రికి పోదాం, సెలైను పెట్టించాలి అన్నారు. ఎప్పుడూ ఎవర్నీ చీర మార్చుకోనివ్వని మనిషి నాకా మాట చెప్పారంటే, నా జాకెట్టు ఎంత తడిసిందో చూసే చెప్పి ఉంటారు.

మా ఆయన డ్యూటీలో ఉన్నారు. పక్కింటివాళ్ళకు చెప్పి రిక్షా ఎక్కాం. ఫ్యాక్టరీలుండే భన్‌పురికి పోయే లారీలు దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. పిల్ల మొహం మీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. దారి పొడుగునా అత్తగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. ప్రార్థన చేసుకుంటున్నారేమో అనుకున్నాను.

ఆసుపత్రిలో ఆవిడ అడుగు పెట్టగానే నర్సులంతా లేచి నిలబడ్డారు. సెలైను సెట్టు తీయండి, పిల్లలకు వేసే సన్న సూది తీయండి అని ఆవిడ వాళ్ళకు పని పురమాయిస్తూనే ఉన్నారు. ఈలోగా పిల్లల డాక్టరు వచ్చింది. మలయాళీ అమ్మాయి, కొత్తగా చేరింది, హిందీ ఆచితూచి మాట్లాడేది. పిల్లని అంతా చూసి, పెదాల దగ్గర తడి వేలు పెట్టింది. పిల్ల వేలు పట్టుకుని పీల్చింది. డాక్టరు నవ్వి, సూది ఇప్పుడే వద్దు సిస్టర్, తాగాలనే ఉంది కదా, తాగిద్దాం అంది.

మా అత్తగారు కొయ్యబారిపోయారు. విరేచనాలు కట్టకుండా నీళ్ళా అన్నారు. డాక్టరు వాదన పెట్టుకోలేదు. ఒక ప్యాకెట్టు చింపి, అందులోని పొడి కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, గిన్నే చెంచా నా చేతికిచ్చింది. ప్యాకెట్టు దొరకనప్పుడు ఇంట్లోనే పంచదారా చిటికెడు ఉప్పూ వేసి కలుపుకోవచ్చట. రుచి చూస్తే కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదట. చెంచా చెంచాగా, తొందర లేకుండా పట్టమంది. మధ్యమధ్య నా పాలు కూడా ఇవ్వమంది.

పిల్ల మొదటి చెంచా తాగింది. రెండోదానికి చెంచాని పళ్ళతో పట్టేసుకుంది. మూడోది సగం గౌను మీద ఒలికింది. కాసేపటికి తాగిందంతా కక్కేసింది. చూశారా అన్నట్టు మా అత్తగారు డాక్టరు వైపు చూశారు. డాక్టరు తొణకలేదు. కాసేపు ఆగి మళ్ళీ పట్టండి, ఇంకా నెమ్మదిగా అంది. మళ్ళీ పట్టాను. ఈసారి నిలిచింది. అలా ఎన్ని చెంచాలు పట్టానో నాకు తెలీదు. పొద్దు వాలే వేళకు పిల్ల నా ఒళ్ళో ఉచ్చ పోసింది. మర్నాడు పొద్దున నర్సు గుడ్డ మారుస్తుంటే పిల్లకు చలేసి ఏడ్చింది, రెండు కళ్ళ నుంచీ ధారగా నీళ్ళు కారాయి. బిడ్డ కన్నీళ్ళు చూసి సంతోషపడిన తల్లిని అప్పటికి నేనొక్కదాన్నేనేమో. నేనూ కూచుని ఏడ్చాను.

ఇంతసేపూ అత్తగారు మంచం పక్కన స్టూలు మీదే ఉన్నారు. చెంచా ముట్టుకోలేదు. నువ్వు కాసేపు నడుం వాల్చు, నేను పడతానని అనలేదు. డాక్టరు వచ్చి ఇక భయం లేదని చెప్పి వెళ్ళబోతుంటే మాత్రం ఆపారు. ఆవిడ అడిగింది రెండు మాటలు.

"కబ్ సే?"

డాక్టరుకు అర్థం కాలేదు. ఎప్పట్నుంచి తెలుసు, నీళ్ళు ఇవ్వొచ్చని ఎప్పట్నుంచి తెలుసు అని అత్తగారు మళ్ళీ అడిగారు. డాక్టరు ఇబ్బందిగా నిలబడింది. కొన్నేళ్ళుగా తెలుసు సిస్టర్, నాకు కూడా చదువు మొదట్లో మీకు నేర్పిందే నేర్పారు, ఇప్పుడిప్పుడే అన్ని ఆసుపత్రులకూ చేరుతోంది అని మర్యాదగా చెప్పింది. అత్తగారు తల ఊపి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నారు. చుట్టూ ఉన్న మంచాలకేసి ఒక్కొక్కటిగా చూశారు. ఆ వార్డు ఆవిడదే. ప్రతి మంచం ఆవిడకు తెలుసు.

తిరిగి వస్తుంటే రిక్షాలో అన్నారు. నన్ను చూసి కాదు, రోడ్డు చూస్తూ అన్నారు. "మంచినీళ్ళ కుండ వార్డులోంచి తీయించి బయట పెట్టించేదాన్ని. పిల్లలకు కనబడితే అడుగుతారని."

పిల్లని గుండెకు అదుముకుని కూర్చున్నాను.

పిల్ల గంజి తాగింది, పాలు తాగింది, నాలుగు రోజులకు మళ్ళీ పాకడం మొదలుపెట్టింది. మా అత్తగారే మంచాన పడ్డట్టయ్యారు. వరండాలోకి వచ్చిన తల్లులకు ఒంట్లో బాగోలేదని చెప్పించేవారు. ఆవిడ నన్ను తిట్టకపోతే ఇల్లంతా బావురుమనేది. పప్పులో కావాలనే ఉప్పెక్కువ వేసినా నోరు మెదపలేదు.

ఒకరోజు నేను పాలు తెచ్చుకుంటుంటే వెనక వరస క్వార్టర్లలో ఉండే ఒకావిడ ఎదురైంది. వాళ్ళ పిల్లాడికి పొద్దుట్నుంచి ఉల్టీలట, అంటే వాంతులు. సిస్టరమ్మకు బాగోలేదన్నారు కదా, అందుకే రాలేదు, ఆవిడ చెప్పేది మనకు తెలిసిందేగా, నీళ్ళు ఆపేశాను అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పాలగిన్నెతోనే వాళ్ళింటికి పరిగెత్తాను. నీళ్ళు ఇవ్వాలి, ఇలా కలిపి ఇవ్వాలి అని చెబితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. అత్త మాటను కాదనే కోడలు కనబడిందే తప్ప నా మాట ఆవిడ చెవిన పడలేదు. సిస్టరమ్మ చెబితే ఇస్తాను అంది.

ఇంటికొచ్చి అత్తగారి ముందు నిలబడ్డాను. ఆవిడ లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నాతో వచ్చారు. ఇవ్వండి అని ఆ ఒక్క ఇంట్లో చెప్పారు. ఎందుకని ఆవిడ అడగలేదు, ఈవిడ చెప్పలేదు. పిల్లాడు తాగి లేచాడు. కానీ అలా ఎన్ని ఇళ్ళకని వెళతాం? రేపు మనకు తెలియకుండా ఇంకో ఇంట్లో ఆపేస్తే? ఇన్నేళ్ళు మీరు పాడిన పాటే కాలనీ అంతా పాడుతోంది, కాదని మీరే నలుగురిలో చెప్పాలి అని పట్టుబట్టాను. అప్పటికి మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. అమ్మను వదిలెయ్, ఈ వయసులో ఆవిడ పరువు తీయకు అని నా మీద లేచారు. పరువు ఎండబెట్టుకుని దాచుకోండి, ఎవరి పిల్లో పోయాక తీసి చూసుకుందురు అని నేనూ అన్నాను. అత్తగారు ఇద్దర్నీ ఆగమని చెయ్యెత్తారు.

"బతికిన పిల్లల తల్లులు వింటారు అమ్మాయ్. పోయిన పిల్లల తల్లులు కూడా ఈ కాలనీలోనే ఉన్నారు. వాళ్ళ మొహం చూస్తూ ఎలా చెప్పమంటావ్?"

చెబితే ఆ తల్లుల గుండెలు బద్దలవుతాయి, చెప్పకపోతే ఏ పిల్ల ఎప్పుడు ఎండిపోతుందో తెలీదు. ఎటు చూసినా ముళ్ళే. నేను వంటింట్లోకి వెళ్ళి ఊరికే గిన్నెలు చప్పుడు చేశాను.

మా వాళ్ళలో జబ్బు చేసి లేచినా, ప్రమాదం తప్పినా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం ఆనవాయితీ. సంఘంలో తెలుగు కుటుంబాలన్నిటినీ పిలుస్తాం. పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారు, పాటలు పాడతారు. తర్వాత ఇంటివాళ్ళలో ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవాలి. ఆ పైన టీ, లడ్డూ, మిక్చరు. మా పిల్ల కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. సాక్ష్యం మా ఆయన చెప్పాలని అనుకున్నాం. ముందు గదిలో జంపఖానాలు పరిచాం. జనం గది నిండి వరండాలోకి కూడా వచ్చారు.

పాట అయ్యాక మా ఆయన గొంతు సవరించుకుంటున్నారు. ఆయన కన్నా ముందు అత్తగారు కుర్చీలోంచి లేచారు. అందరి మొహాలూ విప్పారాయి. మనవరాలు దక్కిన నాయనమ్మ కదా, స్తోత్రం చెబుతుంది అనుకున్నారు. ఆవిడ స్తోత్రం చెప్పలేదు. వార్డులో డ్యూటీ మారేటప్పుడు చెప్పే గొంతుతో, పిల్లకు ఏం జరిగిందో మొదట్నుంచి చివరిదాకా చెప్పారు. తడిగుడ్డ చప్పరించడంతో సహా చెప్పారు.

"దానికి నీళ్ళు ఆపింది నేను. మీ పిల్లలకు ఆపించింది కూడా నేనే. అది తప్పు. ఇక మీద ఎవరి పిల్ల నీళ్ళడిగినా ఇవ్వండి."

అలవాటుకొద్దీ ఎవరో ఆమెన్ అనబోయి మధ్యలో మింగేశారు. అయ్యగారు మెల్లగా, ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారు కదమ్మా అని ఏదో సర్దబోయారు. నన్ను వెనకేసుకు రావద్దు అయ్యగారూ అన్నారు ఆవిడ. కూర్చోలేదు. ఎవరు ఏమంటారో విని కూర్చుందామన్నట్టు నిలబడే ఉన్నారు.

గుమ్మం పక్కన తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక ఫిట్టరు గారి భార్య కూర్చుని ఉంది. నాకంటే బాగా పెద్దది. నేను కాపురానికి రాక మునుపు ఆవిడ చిన్న కొడుకు వాంతులూ విరేచనాలతో పోయాడని విన్నాను, అంతకు మించి తెలీదు. కూడికలకు వచ్చేది, ఎవరితోనూ కలిసేది కాదు, టీ కప్పు ముట్టుకోకుండా వెళ్ళిపోయేది. ఆవిడ లేచి నిలబడింది. మా ఆయన తల దించుకున్నారు. నేను పిల్లని ఎత్తుకుని గోడకు ఆనుకున్నాను. మా అత్తగారు భయపడిన క్షణం ఇదేనని నాకు తెలుసు, ఇంతకీ తెప్పించింది నేనే.

"అయితే సిస్టరమ్మా, నీళ్ళు తాగితే పిల్లలు పోరా?" అని అడిగింది.

"పోరమ్మా. నీళ్ళు లేకే పోతారు."

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది. చెప్పేటప్పుడు గొంతు చాలా చిన్నగా వచ్చింది, వరండాలో ఉన్నవాళ్ళు లోపలికి వంగారు.

"ఆ రోజు మీరు చూసి వెళ్ళాక వాడు నీళ్ళు నీళ్ళని ఏడ్చాడండి. నేను ఆపుకోలేక, కొంగు చాటున పెట్టి రెండు చెంచాలు పోశాను. తెల్లారేసరికి పోయాడు. నీళ్ళు పోసి నేనే చంపుకున్నాననుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు."

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేరు. అలాంటి మనిషి జనం మధ్యలోంచి వెళ్ళి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని జంపఖానా మీద కూలబడ్డారు. ఆవిడ కూడా కూర్చుంది.

"తాగాడా?" అని అడిగారు అత్తగారు.

"తాగాడండి. గుటకేసి నా మొహం చూశాడు."

"ఆ రెండు చెంచాలే వాడికి జరిగిన మంచి. అది నువ్వు చేశావు. నేను చేయలేదు."

కొడుకు పోయినప్పుడు ఆవిడ కంటతడి పెట్టలేదని, ఎంత రాతిగుండె అని కాలనీలో అనుకున్నారట. చంపినదానికి ఏడ్చే హక్కెక్కడిది అనుకుని ఏడవలేదని తర్వాత్తర్వాత ఆవిడే నాతో చెప్పింది. ఆ ఆదివారం మా ముందు గదిలో, మా అత్తగారి భుజం మీద తల పెట్టుకుని, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.